పెళ్ళికి నాలుగు నెలలుంది: జిమ్‌లో ఇచ్చిన స్టానోజొలాల్ ఆపాలా, సూదికి మారాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 28, బరువు 76 కిలోలు. మాఘమాసంలో పెళ్ళి, ఇంకా నాలుగు నెలలుంది. జిమ్‌లో ట్రైనర్ అన్న ఇచ్చిన కండలు పెంచే స్టెరాయిడ్, స్టానోజొలాల్ 10 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు చొప్పున ఎనిమిది వారాలుగా వేసుకుంటున్నాను. కట్స్ (కండల గీతలు) బాగా వచ్చాయి గానీ భుజాలు, మోకాళ్ళు నొప్పులు. నెల నుంచి కోరికలు బాగా తగ్గాయి. జుట్టు ఊడుతోందని బయోటిన్ 10 మి.గ్రా., ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. కూడా వాడుతున్నాను. ఆదివారం లెగ్స్ చేసి సోమవారం పొద్దున రక్తపరీక్ష చేయించాను. ఎస్‌జీఓటీ 138, ఎస్‌జీపీటీ 96, జీజీటీ 28, బిలిరుబిన్ 0.7, హెచ్‌డీఎల్ 17, ఎల్‌డీఎల్ 168, క్రియాటినిన్ 1.35, ఎల్‌హెచ్ 0.3, టెస్టోస్టెరాన్ 92. బీపీ 138/88. "ఇప్పుడు ఆపితే కండంతా పోతుంది, లివర్ భయమైతే సూదికి మారదాం, చివర్లో పీసీటీ (విడత అయ్యాక సొంత హార్మోన్లను లేపే మందులు) చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటున్నాడు ట్రైనర్. ఏం చేయాలి? పిల్లలు పుడతారా? అమ్మాయికి చెప్పాలా?

జవాబు: ఈరోజే ఆపండి. ఈ స్ట్రిప్ అయ్యాక అనో, వచ్చే సోమవారం నుంచి అనో వద్దు. మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించాల్సిన అవసరం కూడా లేదు. ఆస్తమాకీ కీళ్ళవాతానికీ ఇచ్చే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లను ఎక్కువ రోజులు వాడాక ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, అది నిజమే. కానీ అవి అడ్రినల్ గ్రంథికి సంబంధించినవి, స్టానోజొలాల్ ఆ జాతి కాదు. ఇది టెస్టోస్టెరాన్ కుటుంబంలోది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని నుంచి పుట్టే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు మార్పులు చేసి తయారుచేసిన మందు. 1962లో అమెరికాలో విన్‌స్ట్రాల్ పేరుతో అనుమతి పొందింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తి, పతకం పోగొట్టుకున్నది దీనివల్లే.

ముందు సూది సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ట్రైనర్ చెప్పిన వాటిలో తక్షణం నష్టం చేసేది అదే. మామూలు టెస్టోస్టెరాన్‌ను మాత్రగా మింగితే పేగుల్లోంచి నేరుగా లివర్‌కు వెళ్ళి, అక్కడే చాలావరకు విరిగిపోతుంది. స్టానోజొలాల్ అలా విరగకుండా దాని 17వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ గుంపు తగిలించారు. మాత్రగా పనిచేసేది అందువల్లే, లివర్‌ను ఇబ్బంది పెట్టేదీ అందువల్లే. స్టానోజొలాల్ సూదిమందులో ఉండేది కూడా అచ్చం అదే అణువు. నూనెలో ఉండే టెస్టోస్టెరాన్ సూదులకు వర్తించే మాటను తెచ్చి దీనికి అతికించారు మీ ట్రైనర్. సూదికి మారితే లివర్‌కు దక్కే ఊరట పెద్దగా ఉండదు. జిమ్‌లో ఒకే సీసా నలుగురు పంచుకుంటే చీముగడ్డలు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ భయాలు అదనం.

ఇప్పుడు మీ రిపోర్టు. ఇందులో కొన్ని అంకెలు మందువి, కొన్ని ఆదివారం నాటి లెగ్స్‌వి, రెండింటినీ కలిపి చదివితే అనవసరంగా హడలిపోతారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. బరువులతో గట్టిగా స్క్వాట్స్ చేశాక వారం వరకూ ఈ రెండూ పెరిగి ఉండొచ్చు. మీకు ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ ఎక్కువుంది, జీజీటీ, బిలిరుబిన్ మామూలుగా ఉన్నాయి. కాబట్టి ఎక్కువ భాగం కండరాలదే అయ్యే అవకాశం ఉంది. అంతమాత్రాన లివర్ క్షేమమని సర్టిఫికెట్ ఇవ్వలేం. ఏడు రోజులు బరువులు ముట్టకుండా ఉండి, మళ్ళీ లివర్ పరీక్షతో పాటు కండరాల దెబ్బను చూపించే సీపీకే కూడా చేయించండి. సీపీకే మామూలుగా ఉండి కూడా ఎస్‌జీపీటీ ఎక్కువే ఉంటే అప్పుడు అది లివర్ సంగతి. కిడ్నీల పనిని చూపించే క్రియాటినిన్ 1.35 కూడా ఇలాంటిదే. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ పొడి తాగుతున్నా అది కాస్త పైకి చూపిస్తుంది. అనుమానం తీరాలంటే సిస్టాటిన్-సి పరీక్ష ఉంది. దానికి కండతో సంబంధం తక్కువ.

మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 17 మాత్రం వ్యాయామం వల్ల వచ్చింది కాదు, పూర్తిగా మందు చేసిన పని. మగవాళ్ళకు ఇది 40 పైన ఉండాలి. 1989లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బరువులెత్తేవాళ్ళకు రోజుకు 6 మి.గ్రా. స్టానోజొలాల్ ఆరు వారాలు ఇస్తే హెచ్‌డీఎల్ 33 శాతం పడిపోయింది. అదే మనుషులకు వారానికి 200 మి.గ్రా. టెస్టోస్టెరాన్ సూది ఇస్తే 9 శాతమే పడింది. మీరు మింగుతున్నది రోజుకు 30. వంశపారంపర్యంగా ముఖం, గొంతు వాచే జబ్బుకు డాక్టర్లు దీన్ని వాడిన రోజుల్లో 2 మి.గ్రా. చొప్పున మూడుసార్లతో మొదలుపెట్టి, రోజుకు 2 మి.గ్రా. దాకా తగ్గించుకుంటూ వచ్చేవారు. మందు ఆపితే హెచ్‌డీఎల్ కొన్ని వారాల్లో కోలుకుంటుంది, కాబట్టి ఈ ఒక్క రిపోర్టు చూసి కొలెస్ట్రాల్ మాత్రలు మొదలుపెట్టొద్దు. బీపీని మాత్రం ఇంట్లో మిషన్ మీద వారం పాటు పొద్దున, సాయంత్రం చూసి రాసుకోండి. 140/90 దాటుతూ ఉంటే డాక్టర్‌కు చూపించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక్క కాలే వాయడం, మూతి వంకరపోవడం లాంటివి కనిపిస్తే గూగుల్‌లో వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఎల్‌హెచ్ 0.3, టెస్టోస్టెరాన్ 92. రెండూ బాగా పడిపోయాయి, మీ అసలు బాధ ఇక్కడుంది. ఇంటికి రోజూ క్యారేజీ వస్తుంటే వంటింట్లో పొయ్యి ఎవరూ వెలిగించరు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తోందని మెదడుకు తెలియగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను పంపడం మానేస్తుంది. ఎల్‌హెచ్ రాకపోతే వృషణాల్లో టెస్టోస్టెరాన్ తయారు కాదు, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా లేకపోతే వీర్యకణాలు పడిపోతాయి. ఒంట్లో స్టెరాయిడ్ నిండుగా ఉన్నా కోరికలు తగ్గడానికి కారణం కూడా ఇదే. స్టానోజొలాల్ కండకు చేసే పని చేస్తుంది గానీ టెస్టోస్టెరాన్ చేసే అన్ని పనులూ చేయదు. పైగా అది ఈస్ట్రోజన్‌గా మారదు. కోరికలకూ ఎముకలకూ మగవాళ్ళకు కూడా కొంత ఈస్ట్రోజన్ కావాలి.

బయోటిన్ గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది డాక్టర్లకు కూడా దీన్ని పేషెంటే గుర్తు చేయాల్సి వస్తుంది. కొన్ని ల్యాబ్‌ల పద్ధతిలో ఒంట్లో బయోటిన్ ఎక్కువుంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఉన్నదానికంటే తక్కువగా, టెస్టోస్టెరాన్ ఎక్కువగా చూపిస్తుంది. మీ టెస్టోస్టెరాన్ ఎక్కువ కాదు, 92కు పడిపోయింది, కాబట్టి ఆ నెపం బయోటిన్ మీద వేయలేం. ఎల్‌హెచ్ అంకెకు మాత్రం అది కొంత తోడై ఉండొచ్చు. తర్వాతి పరీక్షకు మూడు రోజుల ముందే బయోటిన్ ఆపేయండి. రక్తం పొద్దున 7 నుంచి 10 గంటల మధ్య, ఏమీ తినకుండా ఇవ్వండి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇస్తే అంకె తక్కువగా వస్తుంది. రక్తంలో టెస్టోస్టెరాన్‌ను మోసే ఎస్‌హెచ్‌బీజీ కూడా రాయించండి. స్టానోజొలాల్ దాన్ని బాగా తగ్గిస్తుంది, అది తగ్గితే మొత్తం టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే దారుణంగా కనిపిస్తుంది.

పీసీటీ అంటే ట్రైనర్లు చెప్పేది సాధారణంగా క్లోమిఫీన్, టమాక్సిఫెన్, ఒక్కోసారి హెచ్‌సీజీ సూదులు. ఇవి పనికిమాలిన మందులని అనడం లేదు. మొదటి రెండూ మెదడు దగ్గర ఈస్ట్రోజన్ సంకేతాన్ని అడ్డుకుని ఎల్‌హెచ్ పెరిగేలా చేస్తాయి, డాక్టర్లు కూడా కొందరికి వాడతారు. కానీ ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నది రక్తపరీక్ష చూసి తేల్చాలి. క్లోమిఫీన్‌తో చూపు మసకబారవచ్చు, మెరుపులు కనిపించవచ్చు. టమాక్సిఫెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. హెచ్‌సీజీ ఎల్‌హెచ్‌లా నటించి వృషణాలను లేపుతుంది గానీ, పిట్యూటరీ మాత్రం ఇంకా పడుకునే ఉంటుంది. ఎనిమిది వారాలు వాడిన 28 ఏళ్ళ మనిషికి చాలాసార్లు ఏ మందూ లేకుండా కాలమే సరిచేస్తుంది. కాబట్టి మొదట ఓపిక, తర్వాత పరీక్ష, అప్పటికీ కదలిక లేకపోతే మందు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. టెస్టోస్టెరాన్ 92 అన్న కాగితం పట్టుకుని ఎక్కడికైనా వెళితే, స్టానోజొలాల్ సంగతి మీరు దాస్తే, టెస్టోస్టెరాన్ సూది రాసే ప్రమాదం ఉంది. అది వేస్తే నీరసం తగ్గుతుంది, కోరికలు వస్తాయి, వీర్యకణాలు మాత్రం సున్నా దాకా పోవచ్చు. అందుకే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) ముందు కూర్చున్న వెంటనే చెప్పాల్సిన మాటలు రెండు: "ఎనిమిది వారాలు స్టానోజొలాల్ వాడాను" అని, "పిల్లలు కావాలి" అని. స్ట్రిప్ రెండువైపులా ఫొటో తీసి చూపించండి. మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, రోజుకు ఎన్ని, వాటితో పాటు కొవ్వు కరగడానికని ఇచ్చే క్లెన్‌బ్యూటెరాల్, థైరాయిడ్ మాత్రలు, ఇంకేవైనా సూదులు వాడారా అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డాక్టర్ కసురుకుంటారని భయపడకండి. కసురుకున్నా పరీక్షలు రాస్తారు.

ఆ స్ట్రిప్ మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారుచేసినవాళ్ళ చిరునామా ఉన్నాయా చూడండి. మన దేశంలో ఈ రకం మందులు షెడ్యూల్ హెచ్ కిందికి వస్తాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, లైసెన్సు లేని జిమ్ అసలే అమ్మకూడదు. ఇలా చేతులు మారే మాత్రల్లో పేరొకటి, సరుకొకటి ఉండడం మామూలే. స్టానోజొలాల్ అని రాసి లోపల మెథాండియెనోన్ అనే ఇంకో స్టెరాయిడ్ పెట్టడం తెలిసిన మోసం. స్టానోజొలాల్ ఈస్ట్రోజన్‌గా మారదు కాబట్టి దానివల్ల రొమ్ము పెరగకూడదు. మీకు చనుమొనల కింద గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే, మీరు మింగింది వేరే ఏదో అని అనుమానించాలి. మిగిలిన మాత్రల్లో రెండు డాక్టర్‌కు చూపించడానికి ఉంచుకుని మిగతావి పారేయండి. జిమ్‌లో ఇంకొకరికి సగం ధరకు ఇవ్వడం లాంటివి వద్దు, ఆడవాళ్ళకైతే అసలే వద్దు. వాళ్ళకు గొంతు బొంగురుపోతే మళ్ళీ మామూలు కాకపోవచ్చు. గర్భిణి వేసుకుంటే కడుపులోని ఆడబిడ్డ మీదే ప్రభావం పడుతుంది.

పిల్లల ప్రశ్నకు వద్దాం. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 72 నుంచి 74 రోజులు పడుతుంది, తర్వాత బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు. అందువల్ల వచ్చేవారమే సెమెన్ పరీక్ష చేయించుకుంటే భయం తప్ప ఏమీ మిగలదు. మందు ఆపిన ఆరు వారాలకు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్, లిపిడ్ ప్రొఫైల్, లివర్, సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. సీబీసీలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 54 శాతం దాటితే రక్తం చిక్కబడిందని అర్థం, వెంటనే చూపించాలి. మూడు నెలలకు అవే మళ్ళీ, వాటితో పాటు మొదటి సెమెన్ పరీక్ష. మీ లెక్కన అది పెళ్ళికి నెల ముందు పడుతుంది.

సెమెన్ పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా విరామం ఉండాలి. కండోమ్‌లో పట్టిన నమూనా, జెల్లీ వాడి పట్టిన నమూనా పనికిరావు. మొదటి చుక్కలు కింద పోతే ల్యాబ్‌కు చెప్పేయాలి, ఎందుకంటే కణాలు ఎక్కువ ఉండేది వాటిలోనే. ఇంట్లో పట్టి తీసుకెళ్ళొచ్చు అంటారు గానీ గంటలోపు, ఒంటి వెచ్చదనం పోకుండా చేరాలి. మారతహళ్ళి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటలో ఎంత దూరం వెళ్ళగలరో మీకే బాగా తెలుసు. మొహమాటపడకుండా ల్యాబ్‌లోని గదిలోనే ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్కల ప్రకారం మిల్లీలీటర్‌కు 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం కనీస హద్దు. ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పుకోకండి. జ్వరం వచ్చినా తర్వాతి రెండు నెలల లెక్క దెబ్బతింటుంది. రెండు నమూనాలు, మధ్యలో కొన్ని వారాల ఎడం ఉండాలి.

మగవాళ్ళ గర్భనిరోధకంగా టెస్టోస్టెరాన్‌ను పరీక్షించిన అధ్యయనాలను కలిపి చూస్తే, మందు ఆపాక మిల్లీలీటర్‌కు 2 కోట్ల కణాల స్థాయికి ఆరు నెలల్లో 67 శాతం మంది, ఏడాదిలో 90 శాతం మంది చేరారు. రెండేళ్ళకు అందరూ చేరతారన్నది వాళ్ళ అంచనా. అవి డాక్టర్ల పర్యవేక్షణలో సరైన మందుతో జరిగినవి, జిమ్ సరుకుకు అంతే హామీ ఇవ్వలేం. అయినా ఒక్క విడత ఎనిమిది వారాలతో ఆపిన మీకు ఆశ గట్టిగానే ఉంది. ఆరు నెలలకు కూడా సంఖ్య లేవకపోతే ఆండ్రాలజిస్టు (మగవాళ్ళ సంతాన సమస్యల డాక్టర్) దగ్గరికి వెళ్ళండి, అప్పుడు క్లోమిఫీన్ లాంటివి ఆయన ఆలోచిస్తారు. ఇంకోటి, కణాలు తక్కువున్నాయి కదా అని పెళ్ళయ్యాక జాగ్రత్త లేకుండా ఉండొద్దు. ఎప్పుడు కోలుకుంటాయో ముందే చెప్పే పరీక్ష లేదు.

అమ్మాయికి చెప్పాలి. మా అభిప్రాయం సూటిగా ఇదే. పెద్దల మధ్య పంచాయితీ పెట్టి రిపోర్టులు అందరికీ చూపించనక్కర్లేదు. మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు, ఫలానా మందు వాడాను, ఆపేశాను, మూడు నెలలకు పరీక్ష ఉంది, మొదటి ఏడాది పిల్లల సంగతి ఆలస్యం కావొచ్చు అని చెప్పండి. చెప్పకపోతే పెళ్ళయిన ఆరో నెలకు "ఇంకా విశేషం లేదా" అని అడిగేది మిమ్మల్ని కాదు, ఆమెను. పరీక్షలకు తిప్పేది కూడా ముందు ఆమెనే. ఆపి నెలలు గడిచాక ఆ మందు పిల్లలకు సోకుతుందన్న భయం పెట్టుకోవద్దు.

ఆపిన తర్వాత రెండో మూడో వారం నుంచి మనసు బాగా కుంగవచ్చు. నిద్ర చెడుతుంది, దేనిమీదా ఆసక్తి ఉండదు, అద్దంలో చూసుకుంటే చిక్కిపోతున్నట్టు అనిపిస్తుంది. ఎక్కువమంది మళ్ళీ మాత్ర మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడే. ఇది హార్మోన్ పడిపోవడం వల్ల వచ్చే దశ అని పీజీలో మీతో ఉండే స్నేహితుడికి ఒకరికైనా ముందే చెప్పి ఉంచండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ పూటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి నిమ్‌హాన్స్ ఆస్పత్రి ఉండనే ఉంది.

కండ కొంత తగ్గుతుంది, అది అబద్ధం చెప్పను. కానీ అంతా పోదు. కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున మీకు రోజుకు 120 గ్రాముల ప్రొటీన్ చాలు. పీజీ అన్నం, నీళ్ళ పప్పుతో అది రాదు. నాలుగు గుడ్లు 24, వండిన చికెన్ 150 గ్రాములు సుమారు 45, పొడి మీల్‌మేకర్ 50 గ్రాములు 26, పెరుగు, పప్పు కలిపి మిగతాది. సెట్లు మూడో వంతు తగ్గించండి, మాక్స్ బరువు ప్రయత్నించడం మూడు నెలలు మానేయండి. కండరం బలపడినంత వేగంగా దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు బలపడవు, కీళ్ళు ఇప్పటికే నొప్పి పెడుతున్నాయి. మద్యం ఈ మూడు నెలలు పూర్తిగా బంద్. లివర్ టానిక్‌లు వేసుకున్నంత మాత్రాన ఏదీ త్వరపడదు. ఒళ్ళంతా దురద, మూత్రం టీ డికాషన్ రంగు, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. పచ్చకామెర్లని ఊరికి రమ్మని పసరు మందు పోయిస్తామని ఇంట్లోవాళ్ళు అంటే ఒప్పుకోవద్దు. మందు వల్ల పైత్యరసం నిలిచిపోతే వచ్చే కామెర్లవి, దానిమీద ఇంకో తెలియని ఆకురసం పోస్తే లివర్‌కు రెండో దెబ్బ.

జుట్టుకు వాడే ఫినాస్టెరైడ్ ఇక్కడ గురి తప్పిన మందు. అది టెస్టోస్టెరాన్ డీహెచ్‌టీగా మారకుండా ఆపుతుంది. స్టానోజొలాల్ డీహెచ్‌టీ జాతిదే కాబట్టి మారాల్సిన పనే లేదు, వెంట్రుక కుదుళ్ళ మీద నేరుగా పనిచేస్తుంది. పైగా ఫినాస్టెరైడ్ కొందరిలో కోరికలనూ వీర్యకణాలనూ తగ్గిస్తుంది, అంటే మీ తర్వాతి రిపోర్టులో ఏది దేనివల్లో తేలకుండా పోతుంది. పిల్లల సంగతి తేలేవరకు దాన్ని పక్కన పెట్టడం గురించి డాక్టర్‌ను అడగండి. బయోటిన్ లోపం లేనివాళ్ళకు 10 మి.గ్రా. బయోటిన్‌తో జుట్టుకు ఒరిగేది పెద్దగా లేదు. స్టానోజొలాల్ ఆపి ఆరు నెలలయ్యాక కూడా నుదుటి మీద, నడినెత్తిన పలచబడుతూనే ఉంటే అప్పుడు చర్మవైద్యుడికి చూపించండి. మీ నాన్నగారికి, మేనమామలకు బట్టతల ఉందా అన్నది ఆయన మొదట అడుగుతారు.